ఎఫెసు నగరమందలి రెండు సభలు



నేటి నా ప్రసంగమునకు విషయము ఎఫెసు అను ప్రాచీన నగరమును, ఆ నగరమున సుమారు 375 ఏండ్ల యెడముతో జరిగిన రెండు సభలును. మొదటి సభ ఒక దేవతను గూర్చి కూడినది. రెండవది ఒక పదమును గూర్చి కూడినది. మొదటిదాని యల్లరి ఒక పూటలో నణగినది. రెండవదాని కలత 1,500 ఏండ్లకు మించి నిలిచినది. ఏల యిట్లయ్యెనో విచారించుటయే నేడు నా పని.

నేను క్రైస్తవుడను గాను. బాల్యమున గురువుగారి యింట కావ్యములును వ్యాకరణమును చదువుకొని, పిమ్మట ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా జీవించినవాడను. నాతోడి యుపాధ్యాయు డొకడు క్రైస్తవుడు. అతడు తన తెలుగు బైబిలును నాకు చదువ నిచ్చెను. అందలి ఎఫెసు వృత్తాంతము నా మనస్సును పట్టుకొన్నది. దానికి నా వెనుకటి తప్పిదమొకటి కారణము. దానిని చివర మనవి చేసికొందును.

ఎఫెసు నేటి తుర్కీ దేశపు పడమటి భాగమున, సెల్చుకు అను చిన్న పట్టణము చెంత శిథిలమై యున్నది. ఒకప్పుడది గొప్ప ఓడరేవు. కేస్టరు అను నది తెచ్చిన ఒండ్రుమట్టిచేత రేవు క్రమముగా పూడిపోయి, సముద్రము కొన్ని మైళ్లు వెనుకకు జరిగినది. గోదావరి ముఖమున మన కోరంగి రేవు గతిని విన్నవారికి ఇది వింత గాదు. రోమను చక్రవర్తుల కాలమున ఎఫెసు ఆసియా అను రాష్ట్రమునకు ముఖ్యనగరమై, వర్తకముచేతను దేవతామహిమచేతను ప్రసిద్ధి వహించి యుండెను.

ఆ దేవత పేరు అర్తెమిదేవి. ఆమె దేవాలయము ప్రాచీనులు లెక్కించిన సప్తాద్భుతములలో నొకటి. తొలుత క్రీస్తుకు పూర్వము ఆఱవ శతాబ్దిలో కట్టబడిన యాలయమును, క్రీస్తుకు పూర్వము 356 సంవత్సరమున హెరోస్ట్రాటసు అనువాడు తన పేరు లోకమున నిలువవలెనను దురాశతో తగులబెట్టెను. ఎఫెసువారు దానిని మరల నంతకంటె ఘనముగ కట్టిరి. ప్లీనీ అను రోమను గ్రంథకర్త దాని పొడవు 425 అడుగులనియు, వెడల్పు 225 అడుగులనియు, అందలి స్తంభములు 127 అనియు, ఒక్కొక్కటి 60 అడుగుల యెత్తనియు వ్రాసెను. నేడక్కడ ముక్కలు పేర్చి నిలిపిన స్తంభమొకటి మాత్రము నిలిచియున్నది. ఆలయమున్న స్థలమే మఱుగుపడిపోగా, వుడ్ అను ఆంగ్లేయుడు 1863లో వెదుక నారంభించి 1869 డిసెంబరు 31వ తేదీని, సుమారు ఇరువది యడుగుల లోతున, దాని నేలకట్టును కనుగొనెను.

ఇట్టి నగరమునకు క్రీస్తుశకము 52 ప్రాంతమున పౌలు అను క్రైస్తవ ప్రచారకుడు వచ్చి, రెండేండ్లకు పైగా నిలిచి బోధించెను. చేతులతో చేసిన విగ్రహములు దేవతలు కావని అతని బోధ. ఆ యూరిలో దేమేత్రియ అను కంసాలి యుండెను. అర్తెమిదేవి గుడి నమూనాగా చిన్న వెండిగుళ్లు చేయించి యమ్ముట అతని వృత్తి. పలువురు పనివాండ్రు దానివలన బ్రతుకుచుండిరి. పౌలు మాటలు వ్యాపించినకొలది తమ జీవనమునకు హాని కలుగునని యెంచి, దేమేత్రియ పనివాండ్రను కూర్చి, మన పనికి నష్టము వచ్చుటయేగాక దేవి మహిమకును లోపము వచ్చుచున్నదని రెచ్చగొట్టెను. పొట్టకూటి భయమును దైవభక్తియు నొక్కచోట చేరినపుడు పుట్టెడి కోపము నాపుట కష్టము. అందు ఏది యెంతపాలో కోపించినవానికే తెలియదు.

ఊరంతయు నల్లకల్లోలమై, జనులు పౌలు తోడివారైన గాయిని అరిస్తర్కును ఈడ్చుకొని నాటకశాలలోనికి పరువెత్తిరి. ఆ నాటకశాల కొండచరియను తొలిచి కట్టినది. 20,000 మందికి మించి కూర్చుండదగినది. నేటికిని దాని రాతిమెట్లు చూడవచ్చును. పౌలు తాను సభకు పోయెదననగా శిష్యులు అడ్డగించిరి. లోపల కొందరొకటి అఱచుచుండిరి. కొందరు వేఱొకటి అఱచుచుండిరి. తాము ఎందులకు కూడితిమో పెక్కుమందికి తెలియనే తెలియదట. ఈ యొక్క సంగతి వ్రాసిన గ్రంథకర్త లోకానుభవము కలవాడనుటకు సందియము లేదు. అలెక్సంద్రు అను యూదుడు మాటాడ లేవగా, అతడు యూదుడని యెఱిగి జనులు రెండు గంటలసేపు తమ దేవి గొప్పదనమును కేకలు వేయుచునే యుండిరి.

అపుడు పట్టణపు లేఖకుడు లేచెను. తెలుగు బైబిలువారు ఇతనిని ‘కరణము’ అని చక్కగా తెనిగించిరి. ఈ కరణము మాటాడిన తీరును గ్రామపెద్దలగువారు శ్రద్ధగా గమనింపవలయును. మొదట అతడు జనుల భక్తిని గౌరవించెను. దేవి మహిమ యెల్లరకు తెలిసినదే, దానిని కాదనువారు లేరు, కావున తొందరపడవలదని చెప్పెను. రెండవది, పట్టి తెచ్చినవారి నేరమేమో విచారించెను. వీరు గుడిని దోచినవారు కారు, దేవిని దూషించినవారును కారని పలికెను. మూడవది, దేమేత్రియకు వ్యాజ్యమున్నచో న్యాయస్థానములు తెఱచియున్నవి, అధిపతులున్నారు. ఉభయులు నచట మాటాడుకొనవచ్చునని దారి చూపెను. నాలుగవది, కారణము చెప్పజాలని యీ గుంపుకు మనమే యుత్తరవాదుల మగుదుమని హెచ్చరించి సభను విడిచిపుచ్చెను. అతడు తీర్పు చెప్పలేదు. ఎవరిని గెలిపింపలేదు, ఎవరి నోడింపలేదు. తీర్పు చెప్పదగిన సభ యిది కాదని మాత్రము చెప్పెను. జనులు ఇండ్లకు పోయిరి. ఎవరి రక్తమును చిందలేదు.

ఇది మొదటి సభ. ఇక కాలము మాఱినది. మూడవ శతాబ్దిలో గోతులు అను జాతివారు సముద్రము మీదుగా వచ్చి అర్తెమిదేవి యాలయమును కొల్లగొట్టి కాల్చిరి. నాలుగవ శతాబ్దిలో రోమను చక్రవర్తులే క్రైస్తవులైరి. ఒకప్పుడు గాయిని అరిస్తర్కును ఈడ్చిన నగరమున, రేవునకు చేరువ, యేసు తల్లియైన మరియమ్మ పేరిట పెద్ద దేవాలయము వెలసెను. అందే 431 సంవత్సరమున రెండవ సభ కూడినది. ఈ మాఱు వచ్చినవారు కంసాలులు గారు, కూలివాండ్రు గారు. దేశదేశముల క్రైస్తవ పీఠాధిపతులు. ఊరకుండలేని గుంపు గాదు. చక్రవర్తి పిలిపించిన పండితసభ. అయినను ఫలము మొదటిదానికంటె చెడ్డదయ్యెను.

వివాదమేమో చెప్పెదను. గ్రీకుభాషలో ‘థియొటోకోస్’ అను సమాసమొకటి కలదు. దేవుని కన్నది అని దాని యర్థము. మరియమ్మను ఈ పేరిట పిలుచుట చాల కాలమునుండి వాడుకలో నున్నదే. ఎఫెసులో అర్తెమిదేవికి బదులుగా నీ పేరు పుట్టినదని కొందఱందురు గాని, అది సరిగాదు. ఐగుప్తు దేశమున అలెగ్జాండ్రియా పీఠాధిపతి యొకడు 324 ప్రాంతముననే ఈ పదమును వాడినాడు.

428లో కాన్‌స్టాంటినోపులు అను రాజధానికి నెస్తోరియుసు అను సన్న్యాసి పీఠాధిపతియై వచ్చెను. ఇతడు సిరియాలోని అంతియొకయ విద్యాసంప్రదాయమున పెరిగినవాడు; మంచి వక్త, తొందరపాటు గలవాడు. దేవుడు అనాదియైనవాడు, ఆయనకు తల్లి యెట్లుండును? మరియమ్మ కన్నది మానవస్వభావమును గదా. కావున ‘క్రిస్టొటోకోస్’, అనగా క్రీస్తును కన్నది, అనుట మేలని యితడు బోధించెను. అలెగ్జాండ్రియా పీఠాధిపతియైన సిరిలు దీనిని వినినంతనే మండిపడెను. క్రీస్తు దేవుడే యైనపుడు ఆయనను కన్నతల్లి దేవుని కన్నదిగాక మఱేమి? ఆమెనుండి దేవుని వేఱుచేసినచో, క్రీస్తు ఒకడు గాక ఇరువురగుదురు. తొట్టిలో పండుకొన్నవాడు వేఱు, లోకమును సృజించినవాడు వేఱు అగును. అపుడు మన రక్షణ యేమగునని సిరిలు వాదము.

దేవకీనందనుడు, కౌసల్యాతనయుడు అని నిత్యము పలుకు మన చెవికి ఈ తగవు వింతగా తోచును. కాని వారి మతమున సృష్టికర్తకును సృష్టికిని నడుమ దాటరాని యెల్ల కలదు. ఆ యెల్లను దేవుడే దాటి మనుష్యుడాయెనని వారి విశ్వాసము. ఎట్లు దాటెనో చెప్పునపుడు దేవత్వమునకు లోపము రాకూడదు, మనుష్యత్వమునకును లోపము రాకూడదు. నెస్తోరియుసు మొదటిదానికి భయపడెను. సిరిలు రెండును విడిపోవునేమో యని భయపడెను. దేహమున దైవము నివసించుట గుడిలో దేవుడున్నట్లని అంతియొకయవారు ఉపమానము చెప్పుచుండిరి. ఎఱ్ఱగా కాలిన బొగ్గులో నిప్పును బొగ్గును ఒక్కటియైనట్లని సిరిలు చెప్పుచుండెను. ఇరువురి భయమును మంచిదే. ఇరువురి యుపమానమును కొంతవఱకే పోవును.

కష్టమంతయు పదములలో నుండెను. ‘ఫ్యుసిస్’ అను గ్రీకు పదమునకు స్వభావమని యర్థము. అంతియొకయవారు దానిని ఆ యర్థముననే వాడుచు, క్రీస్తునందు స్వభావములు రెండనిరి. సిరిలు అదే పదమును ఒక సజీవవ్యక్తి యను నర్థమునకు దగ్గరగా వాడుచు, ఒక్కటే యనెను. వీరు రెండనగా వారికి ఇరువురు వ్యక్తులని వినబడెను. వారు ఒకటనగా వీరికి పాలును నీరును కలిపినట్లు దేవత్వము చెడెనని వినబడెను. మన పెద్దలు చెప్పు త్వష్ట కథ మీ రెఱుగుదురు. ఇంద్రుని చంపగల కుమారుని గోరి హోమము చేయుచు ‘ఇంద్రశత్రు’ అను సమాసమున స్వరము తప్పగా, ఇంద్రుని చంపువాడు అను నర్థము తొలగి, ఇంద్రునిచేత చచ్చువాడు అను నర్థము వచ్చి, ఆ కుమారుడే హతుడయ్యెను. ఒక్క సమాసము రెండు విధముల విడిపోవుటచే ప్రాణము పోయినది. కావున మాటలకై తగవాడుట వెఱ్ఱియని నేనను జాలను. అయితే మాట యర్థమును దానిని పలికినవానిని అడుగక తగవు తీర్చుట మాత్రము వెఱ్ఱియే.

రోము పీఠాధిపతి సెలెస్టైను సిరిలు పక్షమున చేరెను. చక్రవర్తి రెండవ థియోడోసియుసు ఉభయులను 431 జూను 7వ తేదీకి ఎఫెసులో కూడుడని యాజ్ఞాపించెను. నెస్తోరియుసు కొలదిమంది పీఠాధిపతులతో వచ్చెను. సిరిలు ఐగుప్తునుండి సుమారు ఏబదిమందితో వచ్చెను. ఎఫెసు పీఠాధిపతి మెమ్నోను సిరిలు పక్షమువాడే. నెస్తోరియుసు పక్షమున మాటాడవలసిన అంతియొకయ యోహానును అతని తోడివారును దూరపు ప్రయాణమున నాలస్యమై, అయిదాఱు దినములలో వచ్చి చేరుదుమని వర్తమాన మంపిరి. అప్పటికే గడువు దాటి పదునైదు దినములైనవనియు, ఎండలకు పీఠాధిపతులు జబ్బుపడుచున్నారనియు, తాము రాకున్నను పని సాగింపుడని యోహాను కబురంపెననియు సిరిలు పక్షమువారు చెప్పిరి. అందును కొంత నిజముండవచ్చును. కాని 68 మంది పీఠాధిపతులు కొంచె మాగుడని వ్రాతమూలముగ వేడిరి. చక్రవర్తి ప్రతినిధియైన కాండిడియను వలదని యెదురాడెను. సిరిలు వినలేదు.

జూను 22వ తేదీని మరియమ్మ దేవాలయమున సభ తెఱవబడెను. వాదియైన సిరిలే సభకు అధ్యక్షుడు. నెస్తోరియుసును పిలిచిరి, అందఱును రానిదే తాను రాననెను. ఇద్దఱి లేఖలను చదివించి, ఒకదానిని మెచ్చి, రెండవదానిని శపించి, ఒక్క దినముననే నెస్తోరియుసును పీఠమునుండి త్రోసివేసిరి. అతనికంపిన యాజ్ఞాపత్రమున అతనిని గురుద్రోహియైన యూదాతో పోల్చిరి. ఊరిజనులు సంతోషించి, దివిటీలు పట్టి, ధూపములు వేయుచు పీఠాధిపతులను బసలకు సాగనంపిరి. నాలుగు దినముల తరువాత, అనగా 26వ తేదీని, యోహాను వచ్చి చేరెను. అతడును నెమ్మది వహింపలేదు. తనవారితో వేఱు సభ చేసి, సిరిలును మెమ్నోనును పదవినుండి త్రోసివేసెను. ఒక్క యూరిలో రెండు సభలు, రెండు తీర్పులు. ఎవరి మాట యెవరును వినలేదు.

శ్రోతలారా, మొదటి సభలో గుంపు నడుమ నిలిచి, ఇది తీర్పు చెప్పదగిన సమయము గాదని పలికిన కరణము ఒక్కడుండెను. రెండవ సభలో ఆ మాట పలికినవారున్నను వినినవారు లేకపోయిరి.

చక్రవర్తి మొదట మువ్వురిని పదవులనుండి తొలగించి కావలిలో నుంచెను. పిమ్మట నెస్తోరియుసు తన పూర్వపు మఠమునకు పోవుటకు సెలవు వేడెను. సిరిలు అలెగ్జాండ్రియాకు చేరుకొని పీఠమును నిలుపుకొనెను. అతని పక్షమున రాజభవనోద్యోగులకు పంపిన కానుకల పట్టిక యొకటి నేటికిని నిలిచియున్నది. అందు బంగారము, తివాసులు, దంతపు పీఠములు కలవు. ఇది చెప్పుట సిరిలును చులకన చేయుటకు గాదు. అతడు గొప్ప పండితుడు. క్రీస్తు నొక్కనిగా చూడవలెనను అతని బోధను క్రైస్తవలోకమున పెక్కుభాగము నేటికిని గౌరవించి, అతనిని పరిశుద్ధునిగా స్మరించుచున్నది. అతని సిద్ధాంతము వేఱు, అతడు సభ నడిపిన తీరు వేఱు.

తమాషా యేమనగా, 433లో సిరిలును యోహానును ఒక యొడంబడిక పత్రమునకు సమ్మతించిరి. అందు దేవుని కన్నది అను పదమును ఉన్నది. రెండు స్వభావములను మాటయు ఉన్నది. రెండేండ్ల క్రితము కలిసి కూర్చుండి మాటాడినచో ఆ పత్రము ఎఫెసులోనే పుట్టి యుండెడిదేమో. కాని దానికి వెల కావలసివచ్చినది. నెస్తోరియుసును అందఱును విడిచిరి. కొంతకాలమునకు అతనిని మఠమునుండి కదలించి ఐగుప్తు ఎడారిలోని యొక ఒయాసిస్సునకు పంపిరి. అచట అడవిజాతులవారు అతనిని చెఱపట్టి విడిచిరి. తరువాత ఉద్యోగులు ఊరినుండి యూరికి త్రిప్పిరి. 450 ప్రాంతమున అతడు దిక్కులేక మరణించెను.

కాని తీర్పు పొందనివాని మాట చావలేదు. తూర్పున పారసీక రాజ్యమున, రోమను చక్రవర్తుల యేలుబడికి వెలుపల, సిరియాభాషలో ఆరాధించు క్రైస్తవసంఘ మొకటి యుండెను. వారు అంతియొకయ గురువుల బోధనే తమ బోధగా నుంచుకొనిరి, నెస్తోరియుసును గౌరవించిరి. ఇతరులు వారిని నెస్తోరీయులని నిందగా పిలిచిరి. ఈ సంఘమువారు వర్తకమార్గముల వెంట మధ్య ఆసియా మీదుగా చీనావఱకు పోయిరి. చీనాలోని సియాను నగరమున 781లో వారు నిలిపిన శిలాశాసనము వారు 635లో ఆ దేశము చేరినట్లు చెప్పుచున్నది.

మన దక్షిణదేశమునకును దీనికి సంబంధము కలదు. మలబారు తీరమున తోమా క్రైస్తవులని పేరుగల ప్రాచీన సంఘమునకు బహుకాలము పారసీక దేశమునుండియే పీఠాధిపతులు వచ్చుచుండిరి. మద్రాసు చెంత పరంగిమలపై పహ్లవీ లిపిలో చెక్కిన రాతిసిలువ యొకటి కలదు. కేరళదేశమున కొట్టయములోను అట్టివి గలవు. పోర్చుగీసువారి కాలమున, 1599లో, గోవా ఆర్చిబిషప్పు మెనెజెసు కొచ్చికి సమీపమున ఉదయంపేరూరులో సభ కూర్చి, మలబారు క్రైస్తవుల యారాధనలో నెస్తోరియుసు పేరు తలపరాదని శాసించెను. దోషములున్నవని తోచిన సిరియాగ్రంథములను కొన్నిటిని దిద్దించిరి, కొన్నిటిని తగులబెట్టించిరి. తాళపత్రములను తండ్రి నాకిచ్చిన సొత్తుగా కాపాడుకొన్న నాబోటివానికి ఈ సంగతి చదువునపుడు గుండె బరువెక్కును. ఎఫెసులో 1,168 ఏండ్ల క్రింద ఆరంభమైన తగవునకై మలబారులో గ్రంథములు కాలినవి. అందులకు కోపించిన యా క్రైస్తవులలో పెక్కుమంది 1653లో మట్టాంచేరి సిలువ యెదుట ప్రమాణము చేసి విడిపోయిరి. అచటి సంఘము చీలికలు నేటికిని మానలేదు.

తరువాత రెండు విశేషములు జరిగినవి. నెస్తోరియుసు చెఱలో వ్రాసిన గ్రంథము గ్రీకుభాషలో నశించిపోయినదని యెల్లరు తలంచుచుండగా, దాని సిరియాభాషానువాదము తూర్పు క్రైస్తవులయొద్ద దాగియుండి బయటపడి, 1910లో అచ్చయ్యెను. శత్రువులు చెప్పగా మాత్రము తెలిసిన వాని వాదము పండితులు 1,479 ఏండ్లకు వానినోటనే వినిరి. తాను క్రీస్తును ఇరువురిగా చేయలేదని అతడందు మొఱపెట్టుకొన్నాడు. తన పేరు శపింపబడినను సత్యము నిలిచిన చాలునని కూడ వ్రాసినాడు. అతని సిద్ధాంతము నిర్దుష్టమా కాదా యని పండితులింకను వాదించుచునే యున్నారు. అయినను అతనిపై మోపిన నేరము అతడు చెప్పినదానితో సరిగా పొసగదని పెక్కుమంది యొప్పుకొనిరి.

రెండవది, 1994 నవంబరు 11వ తేదీని రోములో రెండవ జాన్ పాల్ పోపును, ఆ తూర్పు సంఘమునకు కుదురైన అస్సీరియా పాట్రియార్కు నాలుగవ మార్ దిన్‌ఖాయు ఒక ప్రకటనపై చేవ్రాలు చేసిరి. దేవుని తల్లి యని ఒకరును, మన దేవుడును రక్షకుడునైన క్రీస్తు తల్లి యని ఒకరును ప్రార్థింతురు. రెండును ఒక్క విశ్వాసమునే తెలుపును, రెండును తగినవే యని దాని సారము. ఈ మాట చెప్పుటకు 1,563 ఏండ్లు పట్టినది.

ఇక నా తప్పిదము. నాకు అప్పటికి ఇరువదియెనిమిదేండ్లు. నేను పనిచేయుచున్న గ్రామమున అన్నదమ్ములిద్దఱు భూమి పంచుకొనిరి. తండ్రి వ్రాయించిన కాగితమున ‘మెట్టచేనిలో చింతచెట్టు వఱకు పెద్దవానిది’ అని యుండెను. చెట్టు ఎవరిదను తగవు వచ్చి పెద్దలు చావడిలో కూర్చుండిరి. వాగు పొంగి తమ్ముడు ఆవలియొడ్డున చిక్కుకొన్నాడు. పెద్దలు నన్ను పిలిపించి, ‘పంతులుగారూ, వఱకు అనగా చెట్టు చేరునా, చేరదా?’ అని యడిగిరి. ఎల్లను విడిచి చెప్పుట మర్యాద యనియు, ఎల్లతో గూడ చెప్పుట అభివిధి యనియు వ్యాకరణమున రెండర్థములు కలవు. నా పాండిత్యము చూపుకొను తమకముతో, ఇచట అభివిధియే, చెట్టు చేరునని చెప్పితిని. తీర్పు అన్న పక్షమాయెను.

మఱునాడు తమ్ముడు వచ్చెను. ‘అయ్యా, అదే కాగితమున తోటలో బావి వఱకు చిన్నవానిది అని యున్నది. బావి అన్న వాడుకొనుచున్నాడు. చేరదనియే నేను ఊరకుంటిని. బావియొద్ద చేరని వఱకు చెట్టునొద్ద ఎట్లు చేరినది?’ అని యడిగెను. నేను కాగితము పూర్తిగా చదువనైనను లేదు. ఇచ్చిన తీర్పు వెనుకకు దీసికొనుట పెద్దఱికమునకు లోపమని పెద్దలనిరి. నేను నోరు మెదపలేదు. ఆ యన్నదమ్ములు మరల నొకరి యింట నొకరు భోజనము చేయలేదు. కొన్నేండ్లకు గాలివానలో చెట్టు కూలిపోయినది. వైరము మాత్రము వారి బిడ్డలకు సంక్రమించినది. నేను ఆ యూరు విడిచునాటికిని అది తీరలేదు.

ఎఫెసు కథ చదువునపుడు నాకు సిరిలును నెస్తోరియుసును గాక, ఆ చావడియే కనబడును. ఈ ప్రసంగము వినుచున్నవారిలోను, తరువాత చదువువారిలోను, నలుగురి తగవులు తీర్చు పెద్దలుందురు. వారికి ఉపదేశింప నేనెంతవాడను? నా యనుభవమును మాత్రము విన్నవింతును. రావలసినవాడు వాగు దాటి వచ్చువఱకు ఆగుట కాలవ్యయము గాదు. ఒక మాటపై తగవు వచ్చినపుడు, దాని యర్థము నిఘంటువునకు ముందు దానిని పలికినవానినే యడుగవలయును. చెప్పిన తీర్పు తప్పని తెలిసినపుడు వెనుకకు దీసికొనుట పెద్దఱికమునకు లోపము గాదు, అదియే పెద్దఱికము. ఎఫెసు కరణమునకు పేరైనను గ్రంథమున లేదు. అతడు గెలిపించినవారు లేరు గనుక అతనికి జయధ్వానములును లేవు. అయినను ఆనాడు జనులెల్లరు క్షేమముగా ఇండ్లు చేరిరి.